పట్టా పుచ్చుకొన్న మరునాడు

కంటిపరీక్ష విద్యను నాలుగేండ్లు చదివి పట్టా పుచ్చుకొన్న యువకుడు మరునాడు ఎక్కడికి పోవుచున్నాడు? ప్రశ్న చిన్నదిగా కనుపించును. గుంటూరు, నరసరావుపేట, చీరాల, ఒంగోలు పట్టణములయందు కండ్లద్దాల దుకాణములు వీధివీధికిని వెలసియున్నవి. దుకాణము వెనుకభాగమున చీకటిగదిలో అక్షరముల పలక యెదుట మనలను కూర్చుండబెట్టి, ‘ఇది మేలా, అది మేలా’ యని అద్దములు మార్చి మార్చి చూపు మనిషి యెవరో, ఏమి చదివెనో, ఎవరివద్ద పని నేర్చెనో మనము అడుగుట లేదు. చెప్పులు కొనునప్పుడు తోలు వంచి చూతుము. మిరపకాయ కొనునప్పుడు విరిచి గింజ చూతుము. కన్ను మాత్రము మారుమాటాడక అప్పగింతుము.

ఈ విద్యకు ఆప్టోమెట్రీ యని పేరు. తెనుగున దృష్టిపరీక్షావిద్య యనవచ్చును. దీనిని చదివినవాడు కత్తి పట్టు వైద్యుడు కాడు. అద్దములమ్ము వర్తకుడును కాడు. చూపును కొలుచుట, తగిన అద్దములను నిర్ణయించుట, కంటిలో వ్యాధి పొడసూపినయెడల పసిగట్టి వైద్యునికడకు వేళ మించకుండ పంపుట, ఈ మూడును అతని పనులు. మొదటి రెండును పుస్తకమువలనను యంత్రమువలనను కొంతవరకు పట్టుబడును. మూడవది వేల కండ్లను చూడగా చూడగా గాని పట్టుబడదు. అదియును ప్రక్కన పెద్దవా డొకడు నిలిచి, తాను మరల అదే కన్ను చూచి, ‘నీవు చూడనిది ఇది’ యని చూపినప్పుడే పట్టుబడును. కావున క్రొత్తగా పట్టా పొందిన దృష్టిపరీక్షకులకు ఒక యేడాదిపాటు భత్యముతో గూడిన ఆసుపత్రి శిక్షణ, అనగా వైద్యవిద్యలో రెసిడెన్సీ యని వ్యవహరింపబడు పద్ధతి, మన జిల్లాలయందే యేర్పడవలెనని మేము కోరుచున్నాము.

తెలుగునాట ఈ విద్య నిన్న మొన్న మొలచినది కాదు. రెండవ పంచవర్ష ప్రణాళిక కాలమున, 1958లో, భారతదేశమున రెండుచోట్ల దృష్టిపరీక్షా పాఠశాలలు తెరువబడినవి. ఒకటి అలీఘర్‌లోని గాంధీ నేత్రాసుపత్రియందు, రెండవది హైదరాబాదులోని సరోజినీదేవి నేత్రాసుపత్రియందు. నాడది రెండేండ్ల డిప్లొమా. 1985లో మదరాసున శంకర నేత్రాలయము వారు ఎలైట్ పాఠశాలను స్థాపించి నాలుగేండ్ల పట్టా చదువును నడపిరి. 1987లో హైదరాబాదున ఎల్. వి. ప్రసాద్ నేత్రసంస్థ వెలసెను. దానిని స్థాపించిన డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు మన గుంటూరు వైద్యకళాశాల విద్యార్థి. చలనచిత్ర దర్శకుడు ఎల్. వి. ప్రసాద్‌గారి విరాళము ఆ సంస్థకు పునాది. ఆ సంస్థవారు దృష్టిపరీక్షకులకు ప్రత్యేక పాఠశాల నెలకొల్పుటయే గాక, పట్టా పొందినవారికి పైశిక్షణయును ఫెలోషిప్పుల రూపమున ఇచ్చుచున్నారు. వారి శాఖ 2011 నుండి విజయవాడ చెంత తాడిగడపయందు పనిచేయుచున్నది. గుంటూరు పొలిమేరలోనే పెదకాకానియందు శంకర నేత్రాసుపత్రి కలదు. గుంటూరున, ఒంగోలున ప్రభుత్వ సర్వజనాసుపత్రులు కలవు. ఇన్ని యుండగా మనకు లోపించినది భవనములు కావు, పరికరములు కావు. పట్టా పుచ్చుకొన్నవానిని ఈ గడపలలోనికి ఒక యేడాది రప్పించు త్రోవ లోపించినది.

‘నాలుగవయేట ఇంటర్న్‌షిప్పు కలదు గదా, మరల ఈ రెసిడెన్సీ యెందులకు’ అని కళాశాలల వా రడుగుదురు. ఇంటర్న్‌షిప్పు కలదు. కాని అది పట్టాకు ముందటిది, చదువులో భాగము. ఇంటర్ను ఇంకను విద్యార్థియే. వ్రాసినదానికి అతని సంతకము చెల్లదు, రోగి బాధ్యత అతనిపై లేదు. చేర్చుకొన్న ఆసుపత్రి మంచిదైనచో నేర్చుకొనును. కాదేని వరుస చీట్లు వ్రాయుచు, రోగులను పిలుచుచు కాలము గడుపును. అద్దాల కొట్టులోనే ఇంటర్న్‌షిప్పు ముగించినవారు లేకపోలేదు. అట్టివాడు జ్వలించుచున్న నల్లగ్రుడ్డు పుండును ఎన్నిమారులు చూచియుండును? నీటికాసులు తొలిదశలో నున్న నరపుమొగను ఎన్నిమారులు చూచియుండును? చిత్రపటమున చూచియుండును.

రెసిడెంటు సంగతి వేరు. అతడు పట్టభద్రుడు. కాగితముపై తన నిర్ణయమును వ్రాసి సంతకము చేయవలెను. పిమ్మట అదే రోగిని పెద్దవాడు చూచును. ఇద్దరి వ్రాతలును ప్రక్కప్రక్కన నిలుచును. సాయంకాలమున ఆనాటి భేదములన్నియు చర్చకు వచ్చును. ఈ ఏర్పాటులో గొప్ప రహస్య మేమియు లేదు. మంగలి, కంసాలి, నట్టువుడు, వేదపండితుడు ఎల్లరును మన దేశమున ఇట్లే పని నేర్పిరి. అమెరికాలో 1975లో కాన్సస్ సిటీయందలి మాజీసైనికుల ఆసుపత్రిలో దృష్టిపరీక్షకులకు ఇట్టి రెసిడెన్సీ మొదలిడిరి. నేడచ్చట ఒక యేడాది రెసిడెన్సీ పలు సంస్థలలో వాడుకయైనది, నిర్బంధము మాత్రము కాదు. ఇంగ్లండులో పెద్దల పర్యవేక్షణలో కొంతకాలము పనిచేసి పరీక్షల నెగ్గిననే గాని దృష్టిపరీక్షకుని పేరు పట్టికకెక్కదు. మన ఎం. బి. బి. యస్. విద్యార్థికి హౌస్ సర్జనుగా ఒక యేడాది గడువక వైద్యపట్టికలో చోటు లేదు. శస్త్రవైద్యుడు కాగోరినచో ఆపై మూడేండ్లు ఆసుపత్రియే ఇల్లు. కంటిని మొట్టమొదట చూచువానికి మాత్రము ఈ నియమ మేదియు అక్కరలేదని ఎవరు నిర్ణయించిరో మాకు బోధపడకున్నది.

ఇక మన నేల సంగతి. పత్తియు మిరపయు పండు నల్లరేగడి ఇది. పల్నాటి మెరకలనుండి ఒంగోలు కోస్తావరకు లక్షలాది జనము వంగి, చేతులతో, ఆకుల మధ్యను కొమ్మల మధ్యను తలదూర్చి పనిచేయుదురు. ఎండిన పత్తికట్టె మొన కంటికి తగులును. విచ్చిన కాయ డిప్ప గీచును. వరికోతలో వెన్ను గ్రుచ్చును. మిరపకాయ పట్టిన చేయి తెలియక కంటికి పోవును. పురుగుమందు తుంపర గాలికి వెనుకకు కొట్టును. వీనిలో మిరపమంట భయపెట్టును గాని నీళ్లతో కడిగినచో సాధారణముగా శమించును. గీత అట్లు కాదు. మొదటినాడు నలుసు పడినట్లే యుండును. చుట్టుప్రక్కలవారు చనుబాలు పిండుమందురు, ఆకుపసరు పోయుమందురు, నాలుకతో నలుసు తీయుదుమందురు. మూడవనాటికి కన్ను ఎఱ్ఱబడును. అప్పుడు మందుల కొట్టుకు పోయి, ఎఱుపు తగ్గు చుక్కలు అడుగుదురు. ఆ చుక్కలలో స్టెరాయిడు కలిసియుండుట కలదు. ఎఱుపు రెండునాళ్లు తగ్గును. లోపల బూజు పెరుగును.

బూజు అనుట అలంకారము కాదు. ఉష్ణదేశపు పొలములయందు నల్లగ్రుడ్డు గాయపడినప్పుడు మట్టిలోని, ఆకులలోని శిలీంధ్రములు గాయమున పాతుకొనును. హైదరాబాదు ఎల్. వి. ప్రసాద్ సంస్థవారు పదేండ్ల కాలమున తమకడకు వచ్చిన శిలీంధ్రపు పుండ్లను 1,352 లెక్కించి 2002లో ప్రకటించిరి. వానిలో సగమునకు పైగా గాయమువలన కలిగినవే. ఇట్టి పుండుకు స్టెరాయిడు ఎరువువంటిది. తగిన మందు వేరు, నాటమైసిన్ అని పేరు. మదురై అరవింద ఆసుపత్రి మొదలగు చోట్ల జరిగి 2013లో ప్రకటింపబడిన పరిశోధనలో అంతకంటె ఖరీదైన మందునకన్న అదియే మేలని తేలినది. కాని ఏ మందు మేలైనను, పుండు శిలీంధ్రముదా, సూక్ష్మజీవిదా, వైరసుదా యని మొదట అనుమానింపవలెను గదా. శిలీంధ్రపు పుండు అంచు ఈకవలె చీలియుండుట, పొడిగా, బూడిదవన్నెగా నుండుట, దాని చుట్టు చిన్న చుక్కలు పొదుగుట, ఇవి పుస్తకమున నాలుగు పంక్తులు. స్లిట్‌లాంపు వెనుక కూర్చున్న కంటికి ఇవి ఏబది రోగులను చూచిన పిమ్మట గాని నిజముగా కానరావు. అనుమానించి ఆనాడే పంపినచో ప్రయోగశాలలో గీకుడు పరీక్షవలన నిజము తేలును, కన్ను దక్కును. అద్దముల సంఖ్య వ్రాసి వారము తరువాత రమ్మన్నచో పువ్వు పడును. పువ్వు పడిన కన్నుకు చనిపోయినవారి నల్లగ్రుడ్డు దానముగా దొరకువరకు కాచుకొనుటయే గతి.

నేపాళదేశమున భక్తపూరు జిల్లాలో గ్రామస్థులైన కార్యకర్తలకు శిక్షణ నిచ్చి, కంటికి గీత పడినవారికి వెనువెంటనే క్లోరాంఫెనికాల్ లేపనము వేయించిరి. ఆ ఫలితములు 2001లో వెలువడినవి. గాయపడిన 18 గంటలలోపల లేపనము మొదలిడినవారిలో ఒక్కరికిని పుండు ఏర్పడలేదు! పద్దెనిమిది గంటలు. మాచర్ల మండలపు తండానుండి గుంటూరు ఆసుపత్రికి నూరు కిలోమీటర్లకు పైబడిన త్రోవ. కూలి దినము పోగొట్టుకొని, బస్సు పట్టుకొని, వరుసలో నిలిచి చీటి పుచ్చుకొనువరకు ఆ పద్దెనిమిది గంటలు ఎన్నిమారులు గడచిపోవునో పాఠకులే లెక్కింతురుగాక. కావున పని తెలిసిన కన్ను రోగికి చేరువగా నుండవలెను. అట్టివారు రెసిడెన్సీయందే తయారగుదురు.

వ్యాధిలేని కంటి మాట వేరొకటి కలదు. నలుబదేండ్లు దాటినవారికి దగ్గరిచూపు తగ్గుటను మనవారు చత్వార మందురు. నలుబదిని తెలుపు చత్వారింశత్ అను సంస్కృతపదమునుండి ఆ పేరు వచ్చినదందురు. జబ్బు పేరులోనే వయసు నిమిడ్చిన భాష మనది. గుంటూరు మిరపయార్డున, చుట్టునున్న శీతల గిడ్డంగులయందు, స్త్రీలు గుట్టలముందు కూర్చుండి తాలుకాయ నేరుదురు, తొడిమలు తీయుదురు. చీరాల, మంగళగిరి మగ్గములమీద దారము తెగినచోట ముడివేయుదురు. ఈ పనులన్నియు మూరెడు దూరపు చూపుమీద ఆధారపడినవి. తాలుకాయ నొక్కదానిని ఏరక విడిచినచో మేస్త్రీ గద్దించును. కన్ను కానక విడిచితినని ఆమె చెప్పదు, చెప్పిన పని పోవునని భయము. అస్సాము తేయాకు తోటలలో నలుబదేండ్లు దాటిన కూలీలకు దగ్గరిచూపు అద్దములిచ్చి చూడగా ఆకుకోత నూటికి ఇరువదికి పైగా పెరిగినదని 2018లో వైద్యపత్రికయందు ప్రకటించిరి. తేయాకు కోయు కన్నును, తాలు ఏరు కన్నును ఒక్కటే. ఈ అద్దము కట్టుటకు రెసిడెన్సీ అక్కరలేదు గదా యని యెవరైన ననవచ్చును. అద్దమునకు అక్కరలేదు. కాని అద్దముకొరకు వచ్చిన ఆ నలుబదియైదేండ్ల స్త్రీ కంటిలో అప్పటికే నీటికాసులు మొదలైనవో లేవో చూచు సమయము అదియే, ఆమె జీవితమున కంటిపరీక్షకు వచ్చు ఒక్క దినమును అదియే కావచ్చును. నీటికాసులు నొప్పి లేక, ఎఱుపు లేక, ప్రక్కచూపును కొంచెముకొంచెముగా దొంగిలించును. 1996 మొదలు 2000 వరకు జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధి పరిశోధనలో, హైదరాబాదువంటి నగరమునందే, నీటికాసుల సామాన్యరూపము గలవారిలో పదింట తొమ్మిదిమందికి పైగా తమకా వ్యాధి కలదని యెఱుగరు. ఆ పరిశోధనలో 10,293 మందిని పరీక్షించిరి. అంధత్వమునకు శుక్లములు మొదటి కారణముకాగా, అద్దములతో చక్కబడు దోషము రెండవ కారణముగా తేలినది. అద్దము లేక గ్రుడ్డితనము! ఇంతకుమించిన సిగ్గు మరియొకటి కలదా?

పసివాండ్ర సంగతి ఇంకను సున్నితమైనది. నేడు ప్రతి దుకాణమునను గడ్డమానించి చూచు యంత్రము కలదు. మీట నొక్కగనే కాగితముపై సంఖ్య వచ్చును. పిల్లవాడు యంత్రములోని బొమ్మను చూచి కన్ను బిగించినప్పుడు లేని హ్రస్వదృష్టిని యంత్రము చూపవచ్చును. కంటిపాపను విప్పు చుక్కలు వేసి, రెటినోస్కోపు చేతబట్టి, వెలుగునీడల కదలికను చూచి సంఖ్య నిర్ణయించుట చేతి విద్య. అది యేడాది సాధన లేక చేతికి రాదు. మెల్లకన్ను గలిగి ఒక కన్ను మందగించిన బిడ్డను ఏడెనిమిదేండ్లలోపల పట్టుకొనినచో చూపు తిరిగివచ్చు నాశ మెండు. ఆ వయసు గడచిన కొలది ఆశ సన్నగిల్లును. ‘మెల్లకన్ను అదృష్టము’ అని మురియు నాయనమ్మకు నచ్చజెప్పుటయు ఈ విద్యలో భాగమే. దాని కే పాఠ్యగ్రంథమునను అధ్యాయము లేదు.

ఇచ్చటనే భాష మాట వచ్చుచున్నది. చదువంతయు ఇంగ్లీషున సాగును. రోగి తెలుగున బాధపడును. ‘దీపము చుట్టు రంగుల వలయములు కనబడుచున్నవి, తల పగులుచున్నది’ అని ముదుసలి చెప్పినచో నీటికాసుల ఉద్రేకరూపము చెవిలో మ్రోగవలెను. ‘కంటిముందు ఈగలు ముసరినవి, ఒకమూల తెర దిగినది’ అన్నచో నేత్రపటలము ఊడుచున్నదేమో యని అదరి ఆ గంటయందే పంపవలెను. ‘పొర’ యని యొక డనును. అది శుక్లమా, నల్లగ్రుడ్డుమీదికి ప్రాకిన కండయా, పాత పువ్వా? పల్నాటి పలుకు వేరు, కనిగిరి పలుకు వేరు, కోస్తా జాలరి పలుకు వేరు. పట్టణపు కళాశాలలో చదివి ఇంగ్లీషు పదములతో బుఱ్ఱ నింపుకొన్న పట్టభద్రుడు ఈ మాటలను వ్యాధి పేర్లకు ముడివేయుట నేర్వవలెనన్న, ఆ జనము నడుమ ఒక యేడాది కూర్చుండుటకు మించిన పాఠశాల లేదు. స్వభాషలో వినలేని వైద్యము గ్రుడ్డి వైద్యమే.

ప్రభుత్వము లేమియు చేయలేదని మేమనము. తెలంగాణమున 2018 ఆగస్టు 15న మొదలైన కంటివెలుగు మొదటి విడతలో 1.54 కోట్లమందిని పరీక్షించిరి. ఆంధ్రప్రదేశమున 2019 అక్టోబరు 10న మొదలైన పథకము బడిపిల్లలతో ఆరంభమైనది. ఇవి మెచ్చుకొనదగిన పనులు. కాని శిబిరము తుపానువలె వచ్చి తుపానువలె పోవును. డేరా పెరికిన మరునాడు ఊరిలో మిగులువాడు లేడు. ఎల్. వి. ప్రసాద్ సంస్థవారి యెత్తున, ఏబదివేల జనమున కొక దృష్టికేంద్రము వలెను; అందొక యేడాది శిక్షణ పొందిన దృష్టిసహాయకు డుండును; ఐదులక్షలకు ఒక శస్త్రాసుపత్రి; దానిపై పెద్దాసుపత్రి. 2011 జనాభా లెక్కలనుబట్టి ఉమ్మడి గుంటూరు, ప్రకాశము జిల్లాలలో 82 లక్షలకు పైగా జనము కలదు. ఏబదివేలకొకటి చొప్పున నూటయరువదియైదు కేంద్రములు కావలెను. ఆ కేంద్రములలోని సహాయకుల పనిని సరిచూచి, సందేహములు తీర్చి, ప్రమాదకరమైన కన్నును పైకి పంపువా రెవరు? శస్త్రవైద్యుడు ఊరూర తిరుగలేడు. నడుమ మెట్టు దృష్టిపరీక్షకుడే. ఆ మెట్టు పుచ్చినదైనచో మేడ యెట్లు ఎక్కుదుము?

చట్టము సైత మిప్పు డనుకూలముగా నున్నది. 2021లో పార్లమెంటు చేసిన జాతీయ అనుబంధ ఆరోగ్యవృత్తుల కమిషను చట్టము దృష్టిపరీక్షకుని తొలిసారిగా దేశమంతటికి ఒక్క రీతిగా గుర్తించినది. ఆరోగ్యవృత్తి నిపుణుడని పిలువబడుటకు 3,600 గంటలకు తగ్గని చదువు వలెనని అందు విధించిరి. రాష్ట్రములు మండళ్లు ఏర్పరుపక తాత్సారము చేయగా, 2024 ఆగస్టులో సుప్రీముకోర్టువారు గడువుపెట్టి హెచ్చరింపవలసివచ్చెను. గంటలు లెక్కించుట మంచిదే. ఆ గంటలలో ఎన్ని తరగతిగది గోడలమధ్య గడచెనో, ఎన్ని రోగి కంటియెదుట గడచెనో వేరుగా లెక్కించినప్పుడు గాని చట్టమునకు ప్రాణము రాదు.

ఎదురుమాటలను దాటిపోవుట మా అభిమతము కాదు. వానిలో ఒకటి మాత్రము నిజముగా బరువైనది. ఈ విద్యకు వచ్చువారు ధనికుల బిడ్డలు కారు. కౌలురైతు కొడుకు, మగ్గపు కార్మికుని కూతురు, అప్పుచేసి నాలుగేండ్లు చదివి, ఐదవయేట నైన నాలుగు రూపాయలు ఇంటికి పంపగోరుదురు. ‘ఇంకొక యేడాది చదువు’మని వారితో అనుట మనవంటి కూర్చున్నవారికి సులభము. కావుననే భత్యము లేని రెసిడెన్సీని మేము ససేమిరా ఒప్పుకొనము. శిక్షణ పేరు పెట్టి ఉచితపు చాకిరి చేయించుకొనుట మన ఆసుపత్రులకు క్రొత్త విద్య కాదు. భత్యము హౌస్ సర్జనుకిచ్చు దానిలో మూడింట రెండువంతులకు తగ్గరాదు, వసతి ఇయ్యవలెను, రుసుము పైసయైనను పుచ్చుకొనరాదు, రోజుకు చూడవలసిన రోగుల సంఖ్యకు పరిమితి యుండవలెను, పెద్దవాడు ప్రక్కన లేని ఆసుపత్రికి రెసిడెంటును ఇయ్యరాదు. ఈ కట్టుబాట్లు లేనిచో పథకము పుట్టకుండుటయే మేలు.

తక్కిన ఆక్షేపణలు తేలికవి. దృష్టిపరీక్షకుడు అరవైద్యుడై మా పని లాగుకొనునని కొందరు నేత్రవైద్యులు శంకింతురు. సరియైన శిక్షణ పొందినవానికే తన హద్దు తెలియును. హద్దు దాటువాడు శిక్షణ లేనివాడు. దుకాణదారులు తమకు తక్కువ జీతపు మనుష్యులు దొరకరని గొణుగుదురు. గొణుగనిండు. శిక్షణ పొందినవారు హైదరాబాదుకో బెంగుళూరుకో పోవుదురని మరికొందరి వాదము. కొందరు పోవుదురు. కాని పల్నాట ఆరునెలలు పనిచేసి, ఒక తల్లి కన్ను దక్కించినవాడు అందరును పోరు. బాండు వ్రాయించుకొని నిలుపుటను మేము మెచ్చము. ఇచ్చటనే గౌరవమైన కొలువు చూపినచో నిలుతురు.

మొదటియేట పండ్రెండు స్థానములు చాలును. గుంటూరు, ఒంగోలు ప్రభుత్వాసుపత్రులు చెరి నలుగురిని, ధర్మాసుపత్రులు నలుగురిని తీసికొనవచ్చును. యేడాదిలో సగము పెద్దాసుపత్రిలో, నల్లగ్రుడ్డు, నీటికాసులు, నేత్రపటలము, పిల్లల కండ్లు చూచు గదులలో గడువవలెను; మిగిలిన సగము పొలముల నడుమ. పత్తి యేరు కార్తికమునుండి మిరప కోతలు ముగియు చైత్రమువరకు నరసరావుపేట, మార్కాపురము, కనిగిరి, చిలకలూరిపేటలయందు రెసిడెంట్లుండుట అగత్యము. గాయములు ఆ నెలలయందే మెండు. యార్డు మూతపడు ఎండకాలమున వారు పెద్దాసుపత్రికి తిరిగి వత్తురుగాక. 2022లో జిల్లాలు చీలి పల్నాడు, బాపట్ల క్రొత్త జిల్లాలైనవి. కొత్త కలెక్టరు కచేరీలకు బోర్డులు కట్టినంత వేగముగా కొత్త కంటిగదులు ఏర్పడవలెను.

సొమ్ము ఎక్కడిదన్న ప్రశ్నకు దూరము పోనక్కరలేదు. గుంటూరు మిరపయార్డు ఆసియా ఖండమున మిక్కిలి పెద్దదని మనము గర్వముగా చెప్పుకొందుము. అచ్చట అమ్ముడుపోవు ప్రతి బస్తామీదను మార్కెట్ కమిటీ సెస్సు వసూలు చేయుచున్నది. ఆ బస్తాను నింపినది ఆ కూలి కండ్లే గదా. నూలు మిల్లులు, ఎగుమతిదారులు, శీతల గిడ్డంగుల యజమానులు వీరిలో పెద్ద కంపెనీలైనవారు 2013 కంపెనీల చట్టముననుసరించి లాభమున నూటికి రెండు సాంఘికకార్యములకు వెచ్చింపవలెను. పండ్రెండుగురి భత్యము ఆ మొత్తమున ఒక మూలకు రాదు. ప్రభుత్వము పర్యవేక్షకుల జీతములు భరించి, యోగ్యతాపత్రమునకు చట్టబద్ధమైన గుర్తింపు నిచ్చినచో చాలును. రెసిడెన్సీ ముగించినవారికి ప్రభుత్వ కొలువులలో ముందుచూపు చూపుటకు జీవో యొక్కటి వలెను.

గుంటూరు మార్కెట్ కమిటీవారిని, ఇరు ఆసుపత్రుల అధికారులను, రాష్ట్ర అనుబంధ ఆరోగ్యవృత్తుల మండలిని ఒక్కచోట కూర్చుండబెట్టు భారము జిల్లా కలెక్టరుగారిపై నున్నది. రాబోవు కార్తికమునకు పత్తిచేను తెల్లబడును. అంతకుముందే పండ్రెండుగురిని ఎన్నుకొనుటకు వ్యవధి కలదు. కమిటీవారు తమ బడ్జెటులో ఈ పద్దు చేర్చిరేని, ఆ తీర్మానమును పూర్తిగా ప్రకటించుటకు ఈ పుటలో తావు ఉంచుదుము. చేర్పరేని, ఏ సభ్యుడేమి యనెనో అదియును ప్రకటింతుము.